హారన్ ముట్టొద్దు

కారు కొన్న ఇంట్లో మొదటి నెల రోజులు పండగలాగే ఉంటాయి. బీచుపల్లి ఆంజనేయస్వామి దగ్గర పూజ, చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పసుపు కుంకుమ, చుట్టాలందరికీ ఫొటోలు. ఇంట్లో చిన్నపిల్లలుంటే అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది. ఈ పత్రిక చదివే మీలో చాలామందికి అది తెలిసిన కథే. మా ఇంట్లో జరిగినవి కొన్ని చెప్తాను, మీ ఇంటి సంగతులతో పోల్చి చూసుకోండి.

కారు మా అన్నది. అన్నకు వనపర్తిలో ఎరువుల దుకాణం ఉంది. 2022లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. అది 2015 మోడల్. జిల్లాలు విడిపోక ముందుది కాబట్టి నంబరు ఇప్పటికీ మహబూబ్‌నగర్ టీఎస్ 06తోనే మొదలవుతుంది. అన్నకు మాత్రం అది నిన్ననే షోరూం నుంచి దిగినట్టు. పొద్దున దుకాణానికి పోయే ముందు మెత్తని బట్టతో తుడుస్తాడు. ఆ బట్టను ఇంకెవరూ ముట్టకూడదు. "నన్నెప్పుడన్న ఇంత మంచిగ చూసినవా" అని వదిన అంటే నవ్వి ఊరుకుంటాడు. అలాంటి కారు, పక్కనే ఇద్దరు పిల్లలు. పెద్దది ఇప్పుడు నాలుగో తరగతి, చిన్నోడు ఒకటి.

మొదటి దెబ్బ దుమ్ము వల్ల తగిలింది. మన దగ్గర ఎండాకాలం దుమ్ము గురించి మీకు చెప్పక్కర్లేదు, సాయంత్రానికి కారు రంగే మారిపోతుంది. ఒకరోజు ఆ దుమ్ములో, బానెట్ నిండా, క్యాట్, ర్యాట్, సన్ అని ఇంగ్లిష్‌లో రాసి ఉంది. "నేను కాదు" అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. నేను చూసి ఎవరిదో చెప్పేశాను, ఎస్ అక్షరం తిరగేసి ఉంది మరి. అప్పటికి చిన్నోడు యూకేజీ. (ఆ వయసులో అక్షరాలు తిరగేసి రాయడం మామూలే. ఏడేళ్లు వచ్చేసరికి దాదాపు అందరికీ సర్దుకుంటుంది. పేరెంట్స్ మీటింగ్‌లో కంగారుగా అడిగే అమ్మలకు నేను చెప్పేదీ ఇదే.) కడిగితే పోతుందిలే అనుకున్నాడు అన్న. కడిగాక ఇంకా బాగా కనిపించింది. దుమ్ములో సన్నటి ఇసుక ఉంటుంది, వేలితో ఒత్తి రాస్తే అది పెయింటు పైపొరను గీసేస్తుంది. పొద్దు వాలేటప్పుడు పక్కనుంచి చూస్తే ఆ క్యాట్ ఇప్పటికీ కనిపిస్తుంది. ఆరోజు చిన్నోడి వీపు మీద రెండు పడ్డాయి.

తర్వాత అలంపూర్ ప్రయాణం. జోగులాంబ అమ్మవారి దర్శనం చేసుకుని వచ్చాం. గుళ్లో హుండీలో వేయమని అవ్వ పిల్లల చేతికి రూపాయి బిళ్లలు ఇచ్చింది. చిన్నోడికి అది బాగా నచ్చినట్టుంది. వారం తర్వాత కారులో పాటలు ఆగిపోయాయి. మెకానిక్ సీడీ ప్లేయర్ విప్పితే లోపల పదకొండు రూపాయలు ఉన్నాయి. సీడీ పెట్టే సందులో ఒక్కొక్కటే వేసి, ప్రతిసారీ దండం పెట్టుకున్నాడని అక్క సాక్ష్యం చెప్పింది. అన్నకు కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. మా అమ్మ మాత్రం, "దేవుడి పైసలు, ముట్టకు" అని ఆ పదకొండు రూపాయలు తీసి పూజ గదిలో పెట్టింది.

పెద్దది కూడా తక్కువ తినలేదు. కర్నూలు వెళ్తుంటే పుల్లూరు టోల్ ప్లాజా దగ్గర గేటు లేవలేదు. అద్దం మీద ఫాస్టాగ్ లేదు! వెనకాల లారీల హారన్లు, ముందు అన్న ముఖం. నియమం ప్రకారం రెట్టింపు కట్టి బయటపడ్డాం. రెండు రోజుల తర్వాత అది లెక్కల నోట్‌బుక్ అట్ట మీద దొరికింది. స్కూలు లేబుళ్లు అయిపోయాయట, ఇది గీతలు గీతలుగా అందంగా ఉందట. పైన పేరు, సెక్షన్ కూడా నీటుగా రాసుకుంది. ఒకసారి పీకిన ఫాస్టాగ్ మళ్లీ అతికిస్తే పనిచేయదు, కొత్తది కొనాల్సిందే.

వీటన్నిటికీ నవ్వుకోవచ్చు. నవ్వు రానిది సీటు బెల్టు సంగతి. తిన్నంత తిని మిగిలిన పల్లీపట్టి ముక్కలను చిన్నోడు బెల్టు గుచ్చే సందులో దాచాడు. బెల్లం కరిగి గట్టిపడింది, బెల్టు పట్టుకోవడం మానేసింది. బాగు చేయించేదాకా నాలుగు రోజులు వదిన వాణ్ని ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకుంది. మన స్కూలు గేటు దగ్గర కూడా రోజూ కనిపించే దృశ్యమే ఇది. ఒళ్లో ఉంటే భద్రం అనిపిస్తుంది కానీ కాదు. గట్టిగా బ్రేకు పడితే ఏ తల్లి చేతులూ బిడ్డను ఆపలేవు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే అది విచ్చుకునే వేగం ఒళ్లో ఉన్న పిల్లల మీదే పడుతుంది. 14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ, పిల్లల సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెప్తోంది. సన్‌రూఫ్‌లోంచి తలలు బయటపెట్టి టాటా చెప్పే పిల్లల గురించి ఇంకోసారి రాస్తాను, ఇప్పుడు మొదలుపెడితే ఈ పేజీ చాలదు.

ఇలా ఒక్కో నష్టానికి ఒక్కో రూలు పుట్టింది. అన్న అవన్నీ కాగితం మీద రాసి హాల్లో గోడకు అంటించాడు. కారులో తినొద్దు. సీట్ల మీద కాళ్లు పెట్టొద్దు. అద్దాలు ముట్టొద్దు. బటన్లు ముట్టొద్దు. హారన్ ముట్టొద్దు. ఈ చివరి దానికి రెండు గీతలు కూడా గీశాడు. ఒక మధ్యాహ్నం చిన్నోడు స్టీరింగ్ ముందు కూర్చుని హారన్ మోగిస్తే ఎదురింట్లో పడుకోబెట్టిన పసిబిడ్డ లేచి గంట సేపు ఏడ్చింది. ఆరోజు నుంచి హారన్ అంటే ఇంట్లో దెబ్బలే.

రూళ్లు పనిచేశాయి. గీతలు తగ్గాయి. పిల్లలు కారు దగ్గర నిశ్శబ్దంగా ఉండడం నేర్చుకున్నారు. ఏదైనా పడితే చెప్పకుండా కాలితో సీటు కిందికి తోసేయడం కూడా నేర్చుకున్నారు. మ్యాటు కింద దొరికే చాక్లెట్ కాగితాలే అందుకు సాక్ష్యం.

2025 ఏప్రిల్ 14న రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలం దామరగిద్దలో నాలుగేళ్లు, ఐదేళ్ల వయసున్న ఇద్దరు ఆడపిల్లలు ఇంటి ముందు ఆగి ఉన్న కారులోకి ఎక్కారు. పెద్దవాళ్లు పెళ్లి మాటల్లో ఉన్నారు. డోర్లు పడిపోయాయి. చూసేసరికి ఆలస్యమైపోయింది. నెల దాటిన కొద్ది రోజులకే, మే 18న, విజయనగరం దగ్గర ద్వారపూడిలో ఆడుకుంటూ వెళ్లి ఆగి ఉన్న కారులో ఎక్కిన నలుగురు పిల్లలు అలాగే ఊపిరాడక చనిపోయారు. ఎవరికీ ఎనిమిదేళ్లు మించలేదు. ఆ రాత్రి టీవీలో ఆ వార్త వస్తుంటే అన్న అన్నం ముందు నుంచి లేచి, బయటికి పోయి, కారు వెనక డోరు తీసి చూశాడు.

వెనక డోర్ల అంచున చిన్న మీట ఉంటుంది, అదే చైల్డ్ లాక్. అది వేస్తే డోరు లోపలి నుంచి రాదు, బయటి నుంచే తెరవాలి. పెబ్బేరు దాటాక హైవే మీద చిన్నోడు డోరు తీయబోయినప్పటి నుంచి మా కారుకు అది వేసే ఉంది. రోడ్డు మీద అది ఉండాల్సిందే. కానీ ఇంటి ముందు ఆగి ఉన్న కారులో, వెనక సీట్లోకి ఎక్కి డోరు వేసుకున్న పిల్లవాడికి అదే తాళం. అద్దాలు దించుదామంటే ఇంజన్ ఆపిన కారులో పవర్ విండోలు కదలవు.

ఎండ సంగతి కూడా చెప్పాలి. గాజులోంచి ఎండ లోపలికి వస్తుంది, వేడి అంత తేలిగ్గా బయటికి పోదు. మూసి ఉన్న కారులో పది నిమిషాల్లోనే బయటికన్నా దాదాపు 10 డిగ్రీలు పెరుగుతుంది, అరగంటకు అది 19 దాకా పోతుంది. అద్దాలు కొద్దిగా దించి ఉంచినా పెద్ద తేడా ఉండదు. మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో మే నెలలో బయటే 40 దాటుతుంది. చిన్నపిల్లల ఒళ్లు పెద్దవాళ్ల కన్నా మూడు నుంచి ఐదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది. కాబట్టి "రెండు నిమిషాల్లో వస్తా, ఏసీ వేసి పోతున్నా" అనేవాళ్లతో నేను ఒప్పుకోను. మందుల షాపులో క్యూ ఎప్పుడూ రెండు నిమిషాలు కాదు. ఇంజన్ నడుస్తున్న కారులో పిల్లల చేతికి గేరు అందుతుంది కూడా.

అన్న లోపలికొచ్చి పిల్లలిద్దర్నీ కూర్చోబెట్టుకున్నాడు. "కార్ల ఇర్కపోతె ఏం జేస్తరు?" అని అడిగాడు. పెద్దది ఏడుస్తానంది. చిన్నోడు గోడ మీది కాగితం వైపు చూశాడు.

"అద్దాలు ముట్టొద్దన్నవు గద నాయినా."

జూన్‌లో బడి తెరిచాక ఇదే ప్రశ్న మా రెండో తరగతిలో అడిగాను. జవాబులు రకరకాలు. డాడీకి ఫోన్ చేస్తాం. సినిమాలోలాగా అద్దం పగలగొడతాం. పడుకుంటాం, ఎవరో వచ్చి లేపుతారు. ఒకమ్మాయి దేవుడికి దండం పెట్టుకుంటానంది. ముప్పై నలుగురిలో హారన్ మాట ఎత్తినవాళ్లు ఇద్దరే. అది విని వెనక బెంచీ అబ్బాయి ఒకడు లేచి, "హారన్ కొడితే డాడీ కొడతాడు మేడం" అన్నాడు. క్లాసంతా నవ్వింది. వాడు మాత్రం మామూలుగానే నిలబడ్డాడు, వాడికి అది జోకు కాదు.

ఆ మాట నేను చాలా రోజులు మర్చిపోలేకపోయాను. కారును పిల్లల నుంచి కాపాడుకోవడానికి మనం చెప్పేవన్నీ పిల్లలు నిజంగానే వింటున్నారు. విననట్టు కనిపిస్తారు, అంతే. చెప్పకుండా కారెక్కిన పిల్లవాడికి లోపల ఇరుక్కుపోయామన్న భయం కన్నా దొరికిపోతామన్న భయమే ముందు వస్తుంది. వాడు అరవడు, కిందికి వంగి దాక్కుంటాడు.

మా ఇంట్లో ఆ కాగితం ఇప్పుడు లేదు. తాళం చెవి టీవీ పక్కన కాకుండా పిల్లలకు అందని మేకుకు వేలాడుతోంది. గేటు లోపల నిలిపినా కారుకు తాళం వేస్తున్నారు. ఇదివరకు పిల్లలు కనబడకపోతే మొదట సంపు మూత చూసేవాళ్లం, ఇప్పుడు సంపుతో పాటు కారు, డిక్కీ కూడా చూస్తాం. కారు వెనక్కి తీసేటప్పుడు ఇద్దరు పిల్లలూ అవ్వ చేతులు పట్టుకుని అరుగు మీద కనిపించాల్సిందే, అప్పటిదాకా అన్న గేరు వేయడు. సీట్లు మాత్రం మళ్లీ మురికి పట్టాయి. పల్లికాయ పొట్టు ఎక్కడ పడితే అక్కడ ఉంటోంది. అన్న చూసి ఓ నిట్టూర్పు విడిచి దులుపుకుంటాడు.

ఆదివారం సాయంత్రం ప్రాక్టీసు. పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టి డోరు వేస్తాం, పెద్దవాళ్లం ఇద్దరం చెవితో పక్కనే నిలబడతాం. వాళ్లు సీట్ల మధ్య నుంచి ముందుకు పాకాలి, ముందు డోరు లాక్ తీసి హ్యాండిల్ లాగాలి. ముందు డోర్లకు చైల్డ్ లాక్ ఉండదు. రాకపోతే హారన్ మీద రెండు చేతులూ పెట్టి, ఎవరైనా వచ్చేదాకా వదలకూడదు. మా కారులో తాళం చెవి లేకుండానే హారన్ మోగుతుంది. చాలా కార్లలో అంతే, కానీ అన్నిట్లో కాదు. మీ కారులో మోగుతుందో లేదో, లోపలి నుంచి ముందు డోరు వస్తుందో లేదో ఈ ఆదివారమే చూసుకోండి. చిన్నోడికి మొదట్లో హారన్ నొక్కే బలం సరిపోలేదు. లేచి నిలబడి, మోచేత్తో ఒంటి బరువంతా వేయడం వాడే కనిపెట్టాడు.

మొదటి వారమే అన్న ఎదురింటికి పోయి సంగతి చెప్పి వచ్చాడు. అక్కడి తాత ఇప్పుడు ప్రతి ఆదివారం హారన్ మోగగానే గేటు దాకా వచ్చి, చేయి అడ్డం పెట్టుకుని కారు అద్దంలోంచి లోపలికి చూసి పోతాడు. మొన్న వదిన, "రోజూ మీకు తకలీఫ్ అయితుంది పెద్దాయినా" అంటే ఆయన అన్న మాట ఇది:

"ఆదివారం మోగితె మెల్లగ వస్త బిడ్డా. ఇంకో దినం మోగితె చెప్పులు గూడ ఏసుకోకుంట ఉరికొస్త."