చక్రము - ఇరుసు

మన వాఙ్మయములో చక్రమునకు దొరకిన గౌరవము ఇరుసునకు దొరకలేదు. కాలమును చక్రమందుము, సంసారమును చక్రమందుము, జాతీయ పతాకము నడుమను చక్రమునే నిలుపుకొంటిమి. ఇరుసు మాత్రము కందెన పెట్టవలసినప్పుడు తప్ప ఎవరికిని జ్ఞప్తికి రాదు. సంస్కృతమున దీనికి అక్షమని పేరు. లాటినులోని ఆక్సిసు, ఇంగ్లీషులోని ఆక్సిలు ఈ మాటకు అక్కచెల్లెండ్రు. అట్లే చక్రమును, ఇంగ్లీషు వీలును ఒక తల్లి బిడ్డలు. ఈ భాషలు విడిపోక పూర్వమే మానవుడు ఈ రెండు వస్తువులకును వేరు వేరు పేర్లు పెట్టుకొనెనన్నమాట. రెంటి ధర్మములును వేరని ఆనాటి బండ్లవారు ఎరుగుదురు. నేటి మోటారు బండ్లవారిలో ఆ యెరుక సన్నగిల్లుచున్నది. ఇది మెకానిక్కులకు మాత్రమే సంబంధించిన ముచ్చట యని చదువరులు పుట త్రిప్పకుందురుగాక. మా ప్రాంతమున దీనిపై పలు కుటుంబముల అన్నవస్త్రములు ఆధారపడియున్నవి; ఒక్కొక్కప్పుడు ప్రాణములును ఆధారపడియున్నవి.

మా జైనూరు కొండల నడిమి ఊరు. పూర్వము ఆదిలాబాదు జిల్లాలోనిది. 2016లో జిల్లాలను విభజించినప్పుడు కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలో చేరినది. ఆసిఫాబాదునుండి ఇచ్చటికి రావలెనన్న కెరమెరి ఘాటు ఎక్కవలెను. గోండు గూడెములకును, కొలాము గూడెములకును పోవు బాటలు అంతకంటె కష్టమైనవి. వానిలో నల్లరేగడి బురద, వాగులలోని గుండ్రాళ్ళు, ఉన్నట్టుండి లేచు ఎత్తులు. ఈ బాటలమీద పత్తి బోరెములకును, అంగడి సరకులకును, పెండ్లివారికిని, రోగులకును, నిండు చూలాండ్రకును పాత పికప్ బండియే దిక్కు. ఇతరులు పది పదునైదేండ్లు వాడి అమ్మివేసిన బండిని అప్పుచేసి కొని, దానిమీద ఇల్లు గడుపుకొను యువకులు పలువురున్నారు.

వీరిలో కొంతకాలముగా ఒక వేడుక ప్రబలినది. బండి చేతికి వచ్చిన మొదటి యేడుననే దానికి తగిన చక్రములను తీసివేసి, వానికంటె ఎత్తైనవియు వెడల్పైనవియునగు టైర్లను తొడుగుదురు. బండి జబ్బలు చరచిన మల్లునివలె నిలుచును. చూచువారు మెచ్చుకొందురు. నా పినతండ్రి కుమారుడొకడు కూడ ఈ పని చేసెను. కారణమడిగితిని. "అన్నా, ఎడ్లబండి చక్రం పెద్దగుంటది గాబట్టే గుంతలు దాటుతది. మోటరుకు మాత్రం చిన్నది ఎందుకు?" అనెను.

ఈ మాటను నవ్వి త్రోసివేయరాదు. ఇందులో సగము నిజమున్నది. పుష్య అమావాస్యనాడు కేస్లాపూరులో జరుగు నాగోబా జాతరకు ఎడ్లబండ్లు కట్టుకొని వచ్చు గోండులను చూచినవారికి ఈ సత్యము తెలియును. ఒకే వెడల్పుగల గుంతలో చిన్న చక్రము లోతుగా దిగబడును. పెద్ద చక్రము అంచులపై ఆనుకొని పైపైననే దాటిపోవును. ఒకే ఎత్తుగల రాతిని చిన్న చక్రము గ్రుద్దుకొనును. పెద్ద చక్రము ఎక్కి దిగును. అయితే ఎడ్లబండి చక్రము తానై లాగునది కాదు. ఎడ్లు కాడిని లాగును, కాడి బండిని లాగును, చక్రము దొర్లుచు వెంట వచ్చును. మోటారు బండిలో ఎడ్లు లేవు. అచ్చట ఇరుసే చక్రమును మెలిత్రిప్పును. ఆ చక్రము నేలను వెనుకకు త్రోసి బండిని ముందునకు నడుపును. ఎడ్లబండి చక్రము లాగబడునది, మోటారు చక్రము లాగునది. ఈ భేదమును గుర్తింపనివాడు మొదటిదాని సుగుణము రెండవదానికి కూడ ఉచితముగా లభించుననుకొని మోసపోవును.

తిరుగలిని తలచుకొనుడు. పిడి నడిబొడ్డునకు దూరముగా ఉన్నకొలది చేతికి సులువు. కాని మోటారు చక్రములో త్రిప్పు చేయి నడుమనున్నది. చేయవలసిన పని అంచుననున్నది. కావున అంచు దూరమైనకొలది చేతికి బరువు పెరుగును. ఇంజను ఇచ్చు మెలి అంతే, ఇరుసు అందించు మెలి అంతే. చక్రపు వ్యాసార్ధము పెరిగినంత నేలమీది త్రోపు తగ్గును. ఒక్కొక్క చుట్టునకు పోవు దూరము మాత్రము పెరుగును. బలము నిచ్చి వేగము కొనుటయే గాని, రెంటిని ఒక్కసారి దయచేయు దేవత యంత్రశాస్త్రమున లేదు.

ఇక ఇరుసులోని రహస్యము. వెనుక ఇరుసు నడుమ ఒక గుండ్రని ఇనుప డిప్ప కనబడును. దానిలో రెండు పండ్ల చక్రములుండును. మెకానిక్కులు ఆ జతను క్రౌను పినియను అందురు. మన యింటి రాట్నములో పెద్ద చక్రమును చేతితో ఒక్కసారి త్రిప్పినచో కదురు అనేక పర్యాయములు తిరుగును. అచ్చట బలమునిచ్చి వేగమును తీసికొనుచున్నాము. ఇరుసు డిప్ప తలక్రిందులైన రాట్నము. చిన్న చక్రము పలుమారులు తిరిగిన గాని పెద్ద చక్రము ఒక్కసారి తిరుగదు. వేగము పోయి బలము వచ్చును. పినియనుకు 8 పండ్లు, క్రౌనుకు 39 పండ్లు ఉన్నచో నిష్పత్తి 4.88. క్రౌనుకు 43 పండ్లున్నచో 5.38. అంకె పెద్దదైనకొలది బండికి లాగుబలము ఎక్కువ, పరుగు తక్కువ.

ఇందుకు చరిత్రలో చక్కని నిదర్శనమున్నది. రెండవ ప్రపంచ యుద్ధమున అమెరికా సైన్యము వాడిన విల్లీసు జీపునకు ఇరుసు నిష్పత్తి 4.88. యుద్ధము ముగిసిన 1945లో అదే కంపెనీ రైతులకొరకు అమ్మిన జీపునకు 5.38 నిష్పత్తి పెట్టిరి. చక్రములు మాత్రము రెంటికిని ఒకే కొలతవి, 6.00-16. దున్నుటకును, బరువులు లాగుటకును పరుగుకంటె బలము ముఖ్యమని ఎరిగినవారు చక్రమును ముట్టక ఇరుసును మార్చిరి. ఆ విల్లీసు జీపులనే 1947 నుండి బొంబాయిలో మహీంద్రా సంస్థవారు కూర్చనారంభించిరి. మన పల్లెల జీపులకును, పికప్పులకును వంశమూలము అదియే.

మా తమ్ముని బండి విషయమున ఊహాగానము లేకుండ కొలిచి చూచితిమి. ఈ కొలత ఎవరైన చేయవచ్చును. టైరుపైనను నేలపైనను సుద్దముక్కతో గుర్తుపెట్టి, బండిని సరిగా ఒక చుట్టు దొర్లించి, రెండు గుర్తుల నడిమి దూరమును కొలువవలెను. మూలపడియున్న పాత చక్రమును తొడిగి కొలువగా 2 మీటర్ల 14 సెంటీమీటర్లు. క్రొత్తదానికి 2 మీటర్ల 40. అనగా ఒక్కొక్క చుట్టునకు నూటికి 12 వంతుల దూరము పెరిగినది, లాగుబలము నూటికి సుమారు 11 వంతులు తరిగినది. ఇరుసు నిష్పత్తిని తెలిసికొనుట కూడ కష్టము కాదు. గేరును న్యూట్రలులో ఉంచి, కదలకుండ చక్రములకు రాళ్ళు అడ్డము పెట్టి, ఒక వెనుక చక్రమును మాత్రము జాకీతో లేపి, దానిని చేతితో రెండు చుట్లు త్రిప్పవలెను. ఆలోపల ప్రొపెల్లరు షాఫ్టు ఎన్ని చుట్లు తిరుగునో అదియే నిష్పత్తి. అయిదు చుట్లకు కొంచెము తక్కువగా తిరిగినది, 4.88 అని తేలినది.

లెక్క వ్రాసి చూపుచుండగా మా యింటావిడ బియ్యము చెరుగుచు విని, "తమ్మీ, గిన్నె పెద్దగ పెడ్తె పొయ్యిల మంట పెద్దగైతదా?" అని అడిగెను. నా లెక్కలన్నియు ఆ ప్రశ్నలో ఇమిడిపోయినవి.

నూటికి పదకొండు వంతులు స్వల్పమని తోచవచ్చును. సమతలమున, ఖాళీ బండిలో, అది స్వల్పమే. అట్టిచోట పెద్ద చక్రము మేలు కూడ చేయును. ఇంజను నెమ్మదిగా తిరుగుచు బండి హాయిగా సాగును. వాగులలో బండి కడుపు నేలకు నాలుగు సెంటీమీటర్లు ఎడమగును. కాని నిండు బరువుతో ఎత్తు ఎక్కునప్పుడు పాత ఇంజనుకు మిగులుబలము ఉండదు. అచ్చట పోయిన ప్రతి వంతును లెక్కకు వచ్చును. మూడవ గేరులో ఎక్కిన చోట రెండవది కావలెను. రెండవదానిలో ఎక్కిన చోట మొదటిది కావలెను. మొదటిదానిలో ఎక్కినచోట క్రిందికి వేరొక గేరు లేదు. అప్పుడు క్లచ్చిని సగము నొక్కిపట్టి నడుపుదురు, అది కాలును. దిగునప్పుడును కీడే. చక్రము పెద్దదైనంత బ్రేకులకు ఎదురు మెలి పెరుగును, ఇంజను బండిని పట్టియుంచు శక్తి తగ్గును. పైగా వేగము చూపు ముల్లు అబద్ధమాడును. 60 అని చూపునప్పుడు బండి నిజముగా 67 వేగమున పోవుచుండును. 112 కిలోమీటర్లు నడచిన బండి నూరని వ్రాసికొనును. కావున డీజిలు లెక్కయు తప్పును.

గత వానకాలమున ఒకనాటి రాత్రి ఒక గూడెమునుండి నొప్పులు పడుచున్న యువతిని మా తమ్ముడు తన బండిలో ఎక్కించుకొనెను. వాగు సులభముగనే దాటెను. అచ్చట పెద్ద చక్రములు తమ గుణము చూపినవి. వాగు దాటగానే ఎత్తు. పూర్వము పదిమందితో ఎక్కిన ఎత్తే. సగము పోవుసరికి క్లచ్చి కాలిన వాసన కొట్టెను, బండి నిలిచెను. గూడెమువారు ఆమెను మంచముపై మోసికొని వానలో రోడ్డువరకు నడచిరి. అచ్చట అంబులెన్సు అందినది. తల్లియు బిడ్డయు క్షేమముగా నున్నారు. మంచము మోసిన వారిలో ఒక వృద్ధుడు మరునాడు బండిని చూచి ఏమియు అనలేదు. చక్రముపై చేయివేసి ఊరకొనెను. మా తమ్మునికి ఆ మౌనము నా లెక్కకంటె బాగుగా బోధపడెను.

దీనికి రెండు మార్గములున్నవి. పెద్ద చక్రమే కావలెనన్న ఇరుసును తగినట్లు మార్చవలెను. 4.88 స్థానమున 5.38 పెట్టినచో లాగుబలము నూటికి 10 వంతులు తిరిగి వచ్చును. పోయినది దాదాపు పూడును. వేగపు ముల్లు కూడ మరల ఇంచుమించు నిజము చెప్పును. బ్రేకుల కొరత మాత్రము ఇందువలన తీరదు. ముందు ఇరుసు కూడ త్రిప్పు బండియైనచో రెండిరుసులకును ఒకే నిష్పత్తి ఉండితీరవలెను. లేనిచో గట్టినేలపై ఒకటి మరొకదానితో పెనుగులాడి పండ్లు విరుగును. ఇది ఖర్చుతోడి పని, నేర్పరియైన పనివాడు కావలెను. రెండవ మార్గము పాత కొలతకే తిరిగి పోయి, బురదలో పట్టుదొరకుటకు లోతైన గాళ్ళుగల టైర్లు వేసికొనుట. కిస్తులు కట్టుకొనువానికి ఇదియే తగినది. మా తమ్ముడు పెద్ద టైర్లను నష్టమునకు అమ్మి ఈ రెండవ మార్గమే పట్టెను. ఇప్పుడు అతని బండి చూచుటకు పొట్టిది, ఎత్తులు ఎక్కుచున్నది.

బడిపంతులు కనుక ఈ న్యాయమును నా వృత్తికి అన్వయింపకుండ ఉండలేకున్నాను. మా మండలములోనే మార్లవాయి యను గ్రామమున్నది. మానవశాస్త్రజ్ఞుడు హైమండార్ఫు ప్రేరణతో 1943లో అచ్చట గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైనది. గోండీ భాషలో వాచకములు సిద్ధమైనవి. పిల్లవాడు ఇంటిభాషలో అక్షరము దిద్ది, పిదప ఇతర భాషలకు పోవలెనని ఆ యేర్పాటు. అది మొదటి గేరున ఎత్తు ఎక్కించుట. నేడు ఇంటిలో గోండీయో తెలుగో మాటలాడు పసివానికి తొలినాడే ఇంగ్లీషు పెద్ద చక్రము తొడిగి, వాడు ఎక్కలేకపోయినచో మందబుద్ధి యనుచున్నాము. నేను ఇంగ్లీషునకు విరోధిని కాను, దానివలన బ్రదుకుచున్నవాడను. చక్రము తప్పు కాదు. ఇరుసును ఎవరును విప్పి చూడలేదనుటయే తప్పు.

మన సంసారములందును ఇట్లే జరుగుచున్నది. ఆదాయము మారకుండ ఇల్లు పెరుగును, పెండ్లి పెరుగును, లాంఛనములు పెరుగును. ఎత్తు వచ్చువరకు అంతయు శోభగనే యుండును. ఎత్తు వచ్చినప్పుడు కాలునది ఇల్లాలి నగలు, పిల్లల చదువు. కాబట్టి చదువరులకు నా మనవి: ఇంటిలో పిల్లవాడు పెద్ద చక్రము కావలెనని వచ్చినప్పుడు వానిని కోపింపకుడు. ఒక సుద్దముక్కయు, కొలతపట్టీయు చేతికిచ్చి, మొదట కొలిచి రమ్మనుడు. తరువాత ఇరుసు సంగతి అడుగుడు.