రంగు పట్టింపు: నార్సింగి నుంచి ఇంటికి లేఖలు

మొదటి లేఖ: నార్సింగి

పుట్టిన కొత్తలో పసిబిడ్డకు ఏ జాతి ముఖమైనా ఒకటే. మూడో నెల వచ్చేసరికి, రోజూ చూసే మనుషుల పోలికలున్న ముఖాల మీదే చూపు ఎక్కువసేపు నిలుస్తుందని 2005లో బ్రిటన్‌లో వెలువడిన ఒక పరిశోధన చూపించింది. మరుసటి ఏడాది ఇజ్రాయెల్‌లో జరిగిన పరిశోధన దానికి ఇంకో సంగతి చేర్చింది. నల్లవారినీ తెల్లవారినీ చూస్తూ పెరిగే ఇథియోపియా సంతతి పసివాళ్ళలో అక్కడ ఆ మొగ్గు కనిపించలేదు. కంటికి ఏది అలవాటైతే చూపు అటే పోతుంది. అంతవరకు నష్టమేమీ లేదు. ఆ చూపుకు మంచీచెడూ అంటగట్టేది పెద్దల మాటలు.

1940ల్లో అమెరికాలో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ దంపతులు నల్లజాతి పిల్లల ముందు ఒక నల్లబొమ్మ, ఒక తెల్లబొమ్మ పెట్టి ఏది మంచి బొమ్మ అని అడిగారు. ఎక్కువమంది తెల్లబొమ్మనే చూపించారు. బడుల్లో జాతుల విభజన చెల్లదని 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఈ దంపతుల పరిశోధన ప్రస్తావన ఉంది.

తెలుగింట్లో ఆ పాఠం ఇంకా ముందే మొదలవుతుంది. బిడ్డ ఎర్రగా పుట్టాలని కడుపుతో ఉన్నామెకు పాలలో కుంకుమపువ్వు కలిపి ఇస్తారు. చూడవచ్చిన చుట్టాలు ఆడా మగా అని అడిగాక, ఎవరి రంగు వచ్చిందని అడుగుతారు. పెళ్ళిచూపుల నుంచి వచ్చినవాళ్ళు కాఫీ తాగుతూ "పిల్ల బాగానే ఉంది గానీ కాస్త రంగు తక్కువ" అంటారు. అదే హాల్లో చాప మీద కూర్చుని హోంవర్క్ రాసుకుంటున్న ఎనిమిదేళ్ళ పిల్ల తల ఎత్తదు, కానీ ఆ మాట వింటుంది. తర్వాత అద్దం ముందు నిలబడి తన చెయ్యి అక్క చేతి పక్కన పెట్టి చూసుకుంటుంది.

నార్సింగి మూసీ పక్కన, గండిపేట చెరువుకు దిగువన ఉన్న పాత ఊరు. ఔటర్ రింగు రోడ్డు, కోకాపేట టవర్లు వచ్చాక రూపు మారింది. 2018లో మున్సిపాలిటీ అయింది. ఇప్పుడు ఇక్కడి గేటెడ్ కమ్యూనిటీల్లో దేశం నలుమూలల మనుషులూ ఉన్నారు. గేటు దగ్గర సెక్యూరిటీగా, సెలూన్లలో, హోటళ్ళలో ఈశాన్య రాష్ట్రాల యువతీయువకులు పనిచేస్తున్నారు. గార్డుది అస్సామైనా మణిపూరైనా చాలామంది పిల్లలకు అతను "నేపాలీ భయ్యా"యే. చొక్కా మీద పేరు బిళ్ళ ఉన్నా ఎవరూ చదవరు. బడిలో అలాంటి ముఖమున్న పిల్లాణ్ణి "చింకీ" అంటారు. ఆ తిట్టు పిల్లలు కనిపెట్టింది కాదు, పెద్దల నోటి నుంచి దిగింది.

రెండో లేఖ: నానక్‌రామ్‌గూడ

నార్సింగికి దగ్గరలోనే నానక్‌రామ్‌గూడలో అమెరికా కాన్సులేట్ కొత్త భవనం ఉంది. 2023 మార్చిలో అక్కడ పని మొదలైంది. వీసా ఇంటర్వ్యూకు వచ్చే పిల్లలు, బయట ఫైళ్ళు పట్టుకుని నిలబడే తల్లిదండ్రులు రోజూ కనబడతారు. వీళ్ళలో చాలామంది అంతకుముందే చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు చేసి వచ్చినవాళ్ళు.

ఆ తల్లిదండ్రులు మరచిపోలేని పేరు కూచిభొట్ల శ్రీనివాస్. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివి, టెక్సాస్‌లో మాస్టర్స్ చేసి, కాన్సాస్ రాష్ట్రంలో గార్మిన్ కంపెనీలో పనిచేసేవాడు. వయసు 32. 2017 ఫిబ్రవరి 22 సాయంత్రం ఒలేతా ఊళ్ళో ఒక బార్‌లో స్నేహితుడు అలోక్ మాదసానితో కూర్చుని ఉండగా, ఆడమ్ ప్యూరింటన్ అనేవాడు తమ దేశం వదిలి పొమ్మని అరిచి కాల్పులు జరిపాడు. శ్రీనివాస్ చనిపోయాడు, అలోక్ గాయపడ్డాడు. తను కాల్చింది ఇద్దరు ఇరానీయులనని ఆ హంతకుడు తర్వాత ఇంకో ఊళ్ళో చెప్పుకున్నాడు. జాతి ద్వేషానికి ఎదుటి మనిషి ఎవరో తెలియనక్కర్లేదు, ఒంటి రంగు చాలు. వాడికి యావజ్జీవ శిక్ష పడింది.

ఆ సాయంత్రమే ఇయాన్ గ్రిలట్ అనే తెల్లజాతి యువకుడు హంతకుణ్ణి పట్టుకోబోయి తానూ తూటా దెబ్బ తిన్నాడు. ఇల్లు కొనుక్కోవడానికి హ్యూస్టన్‌లోని భారతీయులు అతనికి లక్ష డాలర్లు పోగుచేసి ఇచ్చారు. శ్రీనివాస్ భార్య సునయన దుమాల, అమెరికాలో తమలాంటివారికి చోటుందా అని బాహాటంగా అడిగింది. ఆ తర్వాత అక్కడే ఉండి "ఫరెవర్ వెల్కమ్" పేరుతో వలసదారుల గురించి మాట్లాడుతోంది. ఇంతటి దుఃఖం నుంచి ద్వేషం వైపు పోకుండా నిలబడ్డ ఆమెను ప్రతి తెలుగు బడిలోనూ పరిచయం చెయ్యాలి.

కాన్సులేట్ బయట నిలబడేవాళ్ళలో చాలామందికి తెలియని చరిత్ర ఇంకొకటి ఉంది. తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో అమెరికా వెళ్ళే దారి 1965 వలస చట్టంతో తెరుచుకుంది. ఆ చట్టానికి నేల సిద్ధం చేసింది నల్లజాతివారి పౌరహక్కుల పోరాటం. వాళ్ళు దెబ్బలు తిని, జైళ్ళకు పోయి సాధించిన వాతావరణంలోనే జాతీయతను బట్టి ఇచ్చే పాత కోటాలు పోయాయి. అలాంటి దేశంలో అడుగుపెట్టిన తెలుగు కుటుంబాల్లో "నల్లోళ్ళుండే ఏరియాలో ఇల్లు తీసుకోవద్దు" అనే సలహా చెలామణీ కావడం సిగ్గుపడవలసిన విషయం.

విజయవాడ మూలాలున్న నీనా దావులూరి 2013 సెప్టెంబరులో మిస్ అమెరికా కిరీటం గెలిచిన రాత్రే ట్విట్టర్‌లో ఆమెను అరబ్బు అని, ఉగ్రవాది అని తిట్టారు. అదే సమయంలో, ఈ రంగుతో మన దేశంలో ఆమె అందాల పోటీ గెలిచేదా అన్న ప్రశ్న ఇక్కడా లేచింది. ఒకే అమ్మాయి ఒంటి రంగు రెండు దేశాల్లో రెండు రకాలుగా తప్పైంది.

మూడో లేఖ: ఏసీ గార్డ్స్

మాసబ్ ట్యాంక్ పక్కనున్న ఈ పేట పేరులో ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. వనపర్తి సంస్థానంలో మొదలైన ఆఫ్రికన్ సైనికుల దళం తర్వాత నిజాం కొలువులో చేరింది. వాళ్ళ సంతతి సిద్దీలు ఇప్పటికీ ఇక్కడే కాపురముంటున్నారు, హైదరాబాదీ ఉర్దూ మాట్లాడతారు. పెళ్ళి ఊరేగింపుల్లో మోగే మర్ఫా వాయిద్యంలో సిద్దీల చెయ్యి ఉంది. ఆఫ్రికా మనిషి ఈ నగరానికి నిన్న మొన్న వచ్చిన అపరిచితుడు కాడు. దక్కన్‌లో అంతకు చాలా ముందే, ఇథియోపియాలో పుట్టి బానిసగా అమ్ముడైన మాలిక్ అంబర్ అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపించి 1626లో కన్నుమూశాడు.

నాలుగో లేఖ: టోలిచౌకి, రాజేంద్రనగర్

టోలిచౌకి చుట్టుపక్కల ఆఫ్రికా దేశాల విద్యార్థులు ఎక్కువ. ఇల్లు వెతుక్కునేటప్పుడు వాళ్ళకు ఎదురయ్యే మొదటి ప్రశ్న అద్దె కట్టగలరా అని కాదు, ఏ దేశం అని. 2016 మేలో బంజారాహిల్స్‌లో పార్కింగ్ గొడవ ముదిరి నైజీరియా విద్యార్థి మీద దాడి జరిగింది. అదే నెల ఢిల్లీలో కాంగో యువకుణ్ణి కొట్టి చంపారు. అంతకుముందు 2012 ఆగస్టులో పుకార్లకు భయపడి ఈశాన్య రాష్ట్రాలవాళ్ళు బెంగళూరుతో పాటు హైదరాబాద్ నుంచీ రైళ్ళెక్కి వెళ్ళిపోయారు. 2014లో అరుణాచల్ విద్యార్థి నిడో తానియా ఢిల్లీలో దెబ్బలకు చనిపోయాక కేంద్రం బెజ్‌బరువా కమిటీ వేసింది. జాతి దూషణను నేరం చేసే ప్రత్యేక నిబంధన తేవాలని అది సిఫార్సు చేసింది.

పక్కపక్కన బతికినంత మాత్రాన పట్టింపు పోతుందా? 1954లో గోర్డన్ ఆల్‌పోర్ట్ పక్షపాతంపై రాసిన పుస్తకంలో దీనికి జవాబు ఉంది. అది పోవాలంటే రెండు వర్గాలవాళ్ళూ సమాన హోదాలో ఉండాలి, ఒకే లక్ష్యం కోసం కలిసి పనిచేయాలి, పైవాళ్ళ మద్దతు ఉండాలి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో 1972 నుంచి జరుగుతున్నది దాదాపు ఇదే. ఆఫ్రికా శాస్త్రవేత్త, తెలుగు శాస్త్రవేత్త ఒకే జొన్న మడిలో ఒకే తెగులుకు మందు వెతుకుతారు. రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థకు శిక్షణ కోసం ఆఫ్రికా దేశాల అధికారులు వచ్చి, ఇక్కడి అధికారుల పక్కనే కూర్చుని చదువుకుంటారు. నార్సింగి గేటు దగ్గర ఆ సమానత్వం లేదు. గార్డు రోజుకు వందసార్లు సెల్యూట్ కొడతాడు, పిల్లవాడు రోజూ అతన్ని చూస్తాడు, అయినా పట్టింపు తగ్గదు.

పిల్లల్లో జాతి పక్షపాతం ఐదు, ఏడేళ్ళ మధ్య ఎక్కువగా ఉండి, ఆ తర్వాత కొంత తగ్గుతుందని వివిధ దేశాల అధ్యయనాలు చూపించాయి. యుక్తవయసులో అది ఎటు తిరుగుతుందన్నది ఇల్లు, బడి, స్నేహాల మీద ఆధారపడుతుంది. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన మర్నాడు అయోవాలో జేన్ ఎలియట్ అనే టీచరు తన మూడో తరగతి పిల్లల్ని కళ్ళ రంగును బట్టి ఎక్కువవాళ్ళుగా, తక్కువవాళ్ళుగా విడదీసింది. గంటల్లోనే స్నేహాలు చెడ్డాయి. తర్వాత వంతు మార్చింది, చిన్నచూపు ఎలా ఉంటుందో రెండు వర్గాలూ రుచి చూశాయి. ఎనిమిదేళ్ళ పిల్లకు ఈ సంగతి అర్థమవుతుందంటే, "ఇంకా చిన్నది, ఇప్పుడెందుకు" అని వాయిదా వేయడానికి పెద్దలకు సాకు లేదు.

ఈ లేఖలు చదివే ఇళ్ళలో పెళ్ళిచూపుల మాటల్లోంచి "రంగు తక్కువ" తీసేయండి. గార్డును పేరుపెట్టి పిలవండి, అతని పిల్లల్ని అపార్ట్‌మెంటు ఆటస్థలంలోకి రానివ్వండి. ఫ్లాటు అద్దెకు అడిగిన ఆఫ్రికా విద్యార్థి దగ్గర అందరి దగ్గరా అడిగే కాగితాలే అడగండి, అవి సరిగ్గా ఉంటే తాళం చేతికివ్వండి.