ఇంజన్ విప్పే ముందు ఒక బల్బు వెలిగించి చూడండి

ఇది పొడుగు రాత. పాత పెట్రోల్ బండి ఇంకా ఇంట్లో పెట్టుకున్నవాళ్ళ కోసం, అంటే అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వాళ్ళ కోసం రాస్తున్నాము. డీజిల్ అంబాసిడర్ వాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు, అందులో స్పార్క్ ప్లగ్గే లేదు. బడిలో మేము చదివింది తమిళం, ఇంట్లో మాట తెలుగు. రాత కొంచెం తమిళ వాసన వేస్తే సర్దుకోండి.

మా బండి 1984 మోడల్ మార్క్ 4. పోయిన ఏడాది చెంగోట్ట దాటి, పులియరై పైన ఎస్ వంపు ఎక్కేటప్పుడు వేడి ముల్లు పైకి పోయింది. సెకండ్ గేరులో కూడా లాగదు. ఊరికి తిరిగొచ్చి ఒక వర్క్‌షాపులో చూపిస్తే, బానెట్ ఎత్తి రెండు నిమిషాలు విని, "ఇంజన్ దింపాలి, బోరింగ్ చేయాలి, పిస్టన్లు మార్చాలి, అరవై వేలు పెట్టుకోండి" అన్నారు. కోయంబత్తూరులో ఉన్న బావగారు ఫోనులో ఇంకో మాట అన్నారు. "ఎందుకు బావా ఆ పాత ఇనుము, తూకానికి వేసెయ్."

వేసెయ్యలేము. మా అమ్మకు ఎనభై ఏడు. మోకాళ్ళు వంగవు. కొత్త కార్లు కొన్ని మరీ పల్లంగా ఉంటాయి, కొన్ని మరీ ఎత్తు. అంబాసిడర్ వెనక సీటు మా తిన్నె ఎత్తులోనే ఉంటుంది. తలుపు వెడల్పు. ఆమె ముందు కూర్చుని, తర్వాత కాళ్ళు లోపలికి తిప్పుకుంటుంది. నెలనెలా ఆస్పత్రికి ఎవరూ ఎత్తకుండా వెళ్ళగలిగేది ఈ బండిలోనే. 2014లో ఉత్తర్‌పారాలో వీటిని చేయడమే ఆపేశారు, పోతే మళ్ళీ రాదు.

అందుకని అరవై వేలు తీసే ముందు టైమింగ్ చూద్దామనుకున్నాము.

టైమింగ్ అంటే స్పార్క్ ఎప్పుడు పడాలి అన్నది. పిస్టన్ సరిగ్గా పైకి చేరినప్పుడు పడితే చాలని అనిపిస్తుంది. చాలదు. పెట్రోలు ఆవిరి అంటుకుని మండటానికి రెండు మిల్లీసెకన్లు పడుతుందనుకోండి. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే, ఆ కాస్త వ్యవధిలో క్రాంక్ 36 డిగ్రీలు తిరిగిపోతుంది. అందుకే పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే నిప్పు పడాలి. వేగం పెరిగేకొద్దీ ఇంకా ముందు పడాలి, దానికి డిస్ట్రిబ్యూటర్ లోపల స్ప్రింగులు కట్టిన చిన్న బరువులు ఉన్నాయి. మనం పెట్టేది మొదలు మాత్రమే.

నిప్పు ఆలస్యమైతే పిస్టన్ దిగిపోతుండగా మంట సాగుతుంది. ఆ వేడి బండిని లాగదు, నీళ్ళలోకీ సైలెన్సర్‌లోకీ పోతుంది. ముందైతే టకటక కొట్టుకుంటుంది, పిస్టన్‌కు దెబ్బ. హ్యాండిల్ వేసి తిప్పితే ఎదురు తన్ని మణికట్టు విరగ్గొడుతుంది కూడా. (అందుకే పెద్దలు బొటనవేలిని మిగతా వేళ్ళ వైపే పెట్టి తిప్పమనేవారు.) రైల్వేలో ఆలస్యానికే తిట్లు. ముందొచ్చిన బండిని సిగ్నల్ దగ్గర నిలబెడతాము, అంతే. ఇంజన్‌లో ఆ సౌకర్యం లేదు.

ఇక పని. ఇంజన్ చల్లగా ఉండాలి, గేరు న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్ బ్రేక్ వేసి చక్రాలకు రాళ్ళు పెట్టాలి. మొదట ప్లాటినం పాయింట్. క్యామ్ దాన్ని పూర్తిగా తెరిచినప్పుడు మా లూకాస్ డిస్ట్రిబ్యూటర్‌లో సందు 15 థౌ ఉండాలి, అంటే సుమారు 0.38 మిల్లీమీటరు. క్యామ్‌కు రాసుకునే మడమ అరిగేకొద్దీ సందు తగ్గుతుంది, టైమింగ్ వెనక్కు జరుగుతుంది. మా దాంట్లో పది థౌ ఫీలర్ కూడా దూరలేదు. సగం జబ్బు అక్కడే తెలిసింది. సందు ముందు పెట్టాలి, టైమింగ్ తర్వాత. తలకిందులు చేస్తే రెండోసారి చేయాల్సిందే.

తర్వాత కీ ఆపి, ప్లగ్గులన్నీ తీసి, రేడియేటర్ పక్కనున్న ఒకటో సిలిండర్ రంధ్రం మీద వేలు పెట్టి, ఇంకొకరు హ్యాండిల్ తిప్పాలి. గాలి వేలిని తోసినప్పుడు పుల్లీ మీది గీతను చూస్తూ, మీ మోడల్ పుస్తకంలో ఉన్న డిగ్రీకి తీసుకురండి. మా బండిలో ఆ గుర్తులు అడుగున ఉన్నాయి, టార్చి పట్టుకుని పడుకోక తప్పలేదు. గీత దాటిపోతే వెనక్కు బాగా తిప్పి మళ్ళీ ముందుకు రావాలి, లేకపోతే చైన్ వదులు మోసం చేస్తుంది.

ఇప్పుడు బల్బు. 12 వోల్టుల చిన్న బల్బుకు రెండు వైర్లు. ఒకటి కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే సన్న వైరు బిగించిన చోట, ఇంకొకటి ఇంజన్ ఇనుముకు. కాయిల్ నడుమనున్న లావు వైరును తీసి ఇనుముకు ఆనించండి, పెట్రోలు వాసన ఉన్నచోట నిప్పు ఎగరకూడదు. క్లాంపు బోల్టు వదులు చేసి కీ వేయండి. డిస్ట్రిబ్యూటర్‌ను రోటర్ తిరిగే వైపుకు తిప్పితే బల్బు ఆరుతుంది. అక్కడినుంచి ఎదురు వైపుకు వెంట్రుకవాసి తిప్పుతూ రావాలి. మా ఇంటావిడ బల్బు చూస్తూ "వెలిగింది" అనగానే ఆపి బిగించాము. పాయింట్ తెరుచుకున్నది ఆ క్షణమే, స్పార్క్ పడేదీ అప్పుడే. కీ వెంటనే ఆపాలి, పాయింట్ మూసుకుని ఉంటే కాయిల్ ఊరికే కాలుతుంది. తర్వాత హ్యాండిల్‌తో రెండు చుట్లు తిప్పి, గీత గుర్తుకు రాగానే బల్బు వెలుగుతుందా అని మళ్ళీ చూడండి.

స్ట్రోబ్ లైటుతో ఇంజన్ నడుస్తుండగా చూడటం ఇంకా మేలు. చెవితో విని పెట్టే పాత మెకానిక్కులనూ మేము తక్కువ చేయము, కానీ ఆ చెవులున్నవాళ్ళు మన ఊళ్ళో ఇప్పుడు ఎందరున్నారు?

పుస్తకం అచ్చయిన రోజుల పెట్రోలు వేరని కూడా గుర్తుంచుకోండి. 2000లో సీసం పోయింది, 2023 నుంచి 20 శాతం ఎథనాల్ వచ్చింది. కాబట్టి చివరి సర్దుబాటు రోడ్డు మీదే. మూడో గేరులో ఎత్తు ఎక్కుతూ ఆక్సిలరేటర్ తొక్కినప్పుడు కొట్టుకుంటే ఒక్క పిసరు వెనక్కు తిప్పండి. ఎథనాల్ పాత రబ్బరు పైపులను తింటుంది, మేము పెట్రోలు పైపులన్నీ మార్చేశాము.

సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంటే, ఆయిల్ తాగుతుంటే, టైమింగ్ దాన్ని బాగు చేయదు. అప్పుడు ఇంజన్ విప్పాల్సిందే. మాకు పొగ లేదు. కొత్త పాయింటుకూ కండెన్సర్‌కూ పెట్రోలు పైపులకూ అయిన ఖర్చు వెయ్యి దాటలేదు. తర్వాతి నెల అమ్మను కూర్చోబెట్టుకుని అదే ఎస్ వంపు ఎక్కాము, ముల్లు సగం దగ్గరే నిలిచింది. "కిటికీ దించరా, గాలి బాగుంది" అన్నది, అంతే.

ఎవరికైనా చూసుకోవాలనుంటే సాయంత్రం అయిదు తర్వాత రండి. బల్బు ఇస్తాము, హ్యాండిల్ ఇస్తాము. ఫీలర్ గేజ్ మాత్రం ఇంటికి ఇవ్వము, ఇక్కడే వాడుకోవాలి.