ఆటల కంప్యూటరు: భాగముల యెన్నిక

వేసవి సెలవులు సమీపించినప్పుడెల్ల మా విద్యార్థులలో కొందఱు "మాస్టారూ, ఆటలాడుటకు ఎట్టి కంప్యూటరు కొనవలెను?" అని నన్నడుగుచుందురు. వారి తలిదండ్రులో "అసలు కొనవలయునా?" యని యడుగుదురు. రెండు ప్రశ్నలును న్యాయమైనవే. ఆట బాలురకు సహజము. మైదానమునందలి బంతియాటను మెచ్చుకొను మనము, మితముగా నున్నంతవఱకు గదిలోని యాటను నిందింప బనిలేదు. ఐనను కష్టార్జితమైన ధనమును వెచ్చించునపుడు ప్రతి రూపాయయు నెక్కడికి బోవుచున్నదో తెలిసియుండుట యవసరము. గణితము బోధించువాడను గనుక నేనీ విషయమును లెక్కగనే చూతును. 2024వ సంవత్సరమున మా కుటుంబమున జరిగిన యొక కొనుగోలును దృష్టాంతముగా గైకొని నా యభిప్రాయములను మనవి చేసెదను.

నా చెల్లెలు కుట్టుపనితో సంసారము నడుపుచున్నది. ఆమె కుమారుడు ఇంటర్మీడియెటు ముగించి ఇంజనీరింగు కళాశాలలో చేరనుండెను. వాడు రెండేండ్లు వీధిలోని చిన్నపిల్లలకు పాఠములు చెప్పి 25,000 రూపాయలు కూడబెట్టెను. నా చెల్లెలు చీటీ సొమ్ము 40,000 రూపాయలు దానికి జతచేసి, "అన్నా, వీని ముచ్చట తీరవలెను, నాలుగేండ్ల చదువునకును అదియే పనికి రావలెను. మరల కొనుటకు నాకు శక్తి లేదు" అనెను. కావున 65,000 రూపాయలే మాకు హద్దు.

మేనల్లుడు వ్రాసి తెచ్చిన జాబితాలో మిక్కిలి ఖరీదైన ప్రాసెసరును, రంగురంగుల దీపములు గల గాజు క్యాబినెట్టును ఉండెను. గ్రాఫిక్సు కార్డునకు మిగిలిన సొమ్ము స్వల్పము. "దీనితో ఏ యాటలాడదలచితివి?" అని యడిగితిని. "వాలొరెంట్, ఫోర్జా హొరైజన్ 5, మామయ్యా" అనెను. "ఎంత తెరమీద?" అనగా వాడు జవాబు చెప్పలేకపోయెను. మా లెక్క అక్కడనే మొదలయ్యెను.

సాధారణమైన మానిటరులో అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. మొత్తము 20,73,600. బొమ్మ సాఫీగా కదలుటకు సెకనునకు 60 చిత్రములు కావలెననుకొన్నచో, ప్రతి సెకనును 12 కోట్లకు మించిన చుక్కలకు రంగు నిర్ణయింపవలసి యుండును. 4కె తెరలో చుక్కలు 82,94,400, అనగా సరిగా నాలుగు రెట్లు. ఈ రంగుల పని గ్రాఫిక్సు కార్డుది. ఆటలోని నియమములు, ప్రత్యర్థుల కదలికలు మొదలగు లెక్కలు ప్రాసెసరువి. ఒకటి తన పని వేగముగ ముగించినను రెండవదాని కొఱకు వేచియుండవలసినదే. జోడెడ్లలో ఒకటి మాత్రమే బలిసినచో బండి వేగము హెచ్చునా? ఆటలే ముఖ్యమగునపుడు సొమ్ములో నించుమించు మూడవ వంతు గ్రాఫిక్సు కార్డునకు కేటాయించుట మేలని మేము నిశ్చయించితిమి.

ఆ ప్రకారము 8 జి.బి. జ్ఞాపకము గల రేడియన్ ఆర్ఎక్స్ 6600 కార్డును, ఆరు కోరులు గల రైజెన్ 5 5600 ప్రాసెసరును ఎన్నుకొంటిమి. ఈ ప్రాసెసరు డబ్బాలోనే చల్లార్చు ఫ్యానును వచ్చును గనుక దానికి వేఱు ఖర్చు లేదు. ఇది ఏఎమ్4 అను పాత సాకెట్టులో నమరునది. 2022లో వచ్చిన ఏఎమ్5 సాకెట్టునకు ముందుకాలమున క్రొత్త ప్రాసెసరులు మార్చుకొను సౌకర్యము కలదు. కాని దానికి డిడిఆర్5 ర్యామే కావలెను, మదర్ బోర్డు వెలయు హెచ్చు. మా హద్దులో పాతదే తగియుండెను. ర్యాము 16 జి.బి. ఒకే స్టిక్కుగా గాక 8 జి.బి. స్టిక్కులు రెండు తీసికొంటిమి. అప్పుడు సమాచారము రెండు దారుల నడచును. ఫోర్జా యొక్కటియే 110 జి.బి. స్థలము కోరును గాన ఒక టి.బి. ఎస్ఎస్‌డి గైకొంటిమి.

ఇక చాలమంది చిన్నచూపు చూచు భాగము పవర్ సప్లయి. కార్డు 132 వాట్లు, ప్రాసెసరు 65 వాట్ల తరగతివి. తక్కినవన్నియు గలిపినను 300 వాట్లకు మించవు. కాబట్టి మంచి రకమైన 550 వాట్లది ధారాళముగ సరిపోవును. "80 ప్లస్" ముద్ర విద్యుత్తు వృథా తక్కువయని మాత్రమే తెలుపును. లోపలి రక్షణలను గూర్చి హామీ యీయదు. అందుచే వారంటీ యెన్నేండ్లో కూడ చూచితిమి. మా వీధిలో నొక యింట క్యాబినెట్టుతో నుచితముగ వచ్చిన సప్లయి, వర్షాకాలమున వోల్టేజి హెచ్చుతగ్గులకు కాలి, మదర్ బోర్డును గూడ చెఱచెను. ఈ సంగతి వినిన పిమ్మట మేనల్లుడు తన గాజు క్యాబినెట్టును తానే కొట్టివేసెను. మొగము మాత్రము కొంత చిన్నబోయెను.

సికింద్రాబాదు పార్కులేనునందలి చెనాయ్ ట్రేడ్ సెంటరునకు పోయి కొన్న వస్తువుల లెక్క యిది: కార్డు 20,500, ప్రాసెసరు 11,500, మదర్ బోర్డు 8,000, మానిటరు 7,500, ఎస్ఎస్‌డి 5,500, సప్లయి 4,500, ర్యాము 3,500, గాలి బాగుగ నాడు సాదా క్యాబినెట్టు 3,000, కీబోర్డు, మౌసు 900. మొత్తము 64,900 రూపాయలు. మిగిలిన నూఱుతో ఇరువురము టీ త్రాగితిమి. విండోస్ 11 లైసెన్సు నా కానుక. ప్రతి వస్తువునకును జి.ఎస్.టి. బిల్లు తీసికొంటిమి, బిల్లు లేనిచో వారంటీ కోరుట కష్టము.

ఆ రాత్రి నా చెల్లెలు కళ్లద్దములు పెట్టుకొని బిల్లులను ఒక్కొక్కటిగ చూచి, "ఈ కరెంటు డబ్బాకు నాలుగున్నర వేలా?" అని యడిగెను. "అది చెడినచో తక్కినవన్నియు చెడునమ్మా" అని వాడు బదులు చెప్పెను. ఆమె కార్డునుగూర్చి యడిగెను, ర్యామునుగూర్చి యడిగెను. ప్రతిదానికిని వానియొద్ద కారణముండెను. ఆమె బిల్లులను మడచి బీరువాలో భద్రపఱచెను. మఱునాడు వాడే భాగములన్నిటిని బిగించెను. నేటికిని ఆ యంత్రముమీదనే సాయంకాలమున ఆటయు, రాత్రి ప్రోగ్రాములు వ్రాయుటయు జరుగుచున్నవి.

ఈ వెలలు 2024 నాటివి. 2025 చివరి మాసములలో ర్యాము ధరలు విపరీతముగ పెరిగినవి గాన, కొనబోవువారు ఆనాటి ధరలతో క్రొత్త లెక్క వేసికొనవలెను. పాత కంప్యూటరు కొనదలచినవారు అది విండోస్ 11 కోరు టి.పి.ఎమ్. 2.0 కలదియో కాదో ముందుగ విచారింపవలెను. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సాధారణ సహాయము ముగిసినది. విండోస్ 11లో వాలొరెంట్ ఆడుటకును ఆ టి.పి.ఎమ్. తప్పనిసరి.

విద్యార్థులారా! మీరు కంప్యూటరు కొనబూనినపుడు కాగితముపై ఎడమవైపున భాగముల పేర్లును, కుడివైపున వాని యవసరమునకు కారణములును వ్రాయుడు. స్నేహితునికి కలదనునది కారణము గాదు. కారణము దొరకని భాగమును కొట్టివేయుడు. పిమ్మట ఆ కాగితమును ధనమిచ్చువారికి చదివి వినిపింపుడు. వారికి బోధపడునట్లు చెప్పగలిగిన నాడే కొనుటకు మీరు సిద్ధమైనట్లు.