ఒక్క నిమిషము

శీతకాలపు ప్రభాతమునకు ఒక ప్రత్యేకమైన శోభ కలదు. వానకాలమున మబ్బులు తూర్పుదిక్కును కప్పివేయును. వేసవిలో సూర్యుడు పొడసూపుటయే తడవుగా ఎండ తీక్ష్ణమగును. పుష్యమాసమున అట్లు గాదు. గాలి చల్లగా నుండును. పలుచని మబ్బుతెరలు క్షణమునకొక వన్నె దాల్చును. ఆ వేళ విశాఖపట్టణపు సముద్రతీరమున నిలిచినవారికి సూర్యుడు సరిగా తూర్పున గాక, కొంత దక్షిణముగా, నడిసముద్రమునుండి లేచివచ్చినట్లు కనబడును.

ఆ శోభను ఛాయాచిత్రములందు నిలుపవలెనని ఒక గుమాస్తాకు ఉబలాటము. ఆయన పనిచేయు కార్యాలయము నగరపు ఆవలి కొసను ఉన్నది. ఏడు గంటల బస్సు తప్పినచో వేళకు చేరుట కల్ల. జనవరిలో అచ్చట సూర్యోదయము ఇంచుమించు ఆరున్నర గంటలకు అగును. కావున ఒక భుజమున అన్నపు క్యారియరు సంచియు, రెండవ భుజమున చిన్న కెమెరాయు తగిలించుకొని, ఆయన చీకటితోడనే ఇల్లు వెడలుచుండెను.

మొదటి దినములలో ఆయన సూర్యబింబము కానవచ్చు వేళకు తీరము చేరెడివాడు. చిత్రములన్నియు తెల్లబారి వచ్చినవి. కొన్నాళ్లకు రహస్యము తెలిసినది. వర్ణములు సూర్యునికంటె ముందే వచ్చును. సూర్యుడు ఇంకను దిగంతమునకు క్రిందనుండగా, అతని కాంతి భూమిని ఒరసికొనుచు గాలిలో మిక్కిలి దూరము ప్రయాణము చేయును. ఆ మార్గమున నీలకాంతి అటునిటు చెదరిపోవును. మిగిలిన ఎరుపును నారింజవన్నెయు మబ్బుల అడుగుభాగమును తాకును. వెలుగు గాలిలో ఇట్లు చెదరు విధమును 1871లో రాలీ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు వివరించెను. సముద్రమునకు నీలవర్ణమెట్లు కలిగెనని 1921లో ఓడప్రయాణమున యోచించి, 1930లో నోబెల్ బహుమానమునందిన చంద్రశేఖర వేంకటరామన్ బాల్యమున ఈ విశాఖపట్టణముననే చదువుకొనెను.

ఆయనకు మరియొక వింతయు కనబడెను. డిసెంబరు 22వ తేదీ దాటిన పిమ్మట పగలు పెరుగనారంభించును గదా! సూర్యోదయము మాత్రము జనవరి మూడవ వారము వరకు కొంచెము కొంచెముగా ఆలస్యమగుచునే యుండును. అస్తమయము అంతకంటె త్వరగా వెనుకకు జరుగుటచేతనే పగలు పెరుగును. ఇది తెలియక ఆయన తన గడియారమే తప్పని భ్రమపడెను.

కెమెరాకును ఒక స్వభావము కలదు. మసకవెలుతురును చూచి అది అధికముగా కాంతిని గ్రహింపజూచును. అప్పుడు రంగులు వెలవెలబోవును. ఆకాశమునకు తగినట్లు కాంతిని తగ్గించినచో రంగులు నిలుచును. కాని నేలపైనున్నవన్నియు నల్లని నీడబొమ్మలగును. ఆకాశము కావలెనన్న మనుష్యుల ముఖములను వదలుకొనవలెను.

ఒకనాడు మబ్బులు మంకెనపూవులవలె ఎర్రబారినవి. తడియిసుకయు ఎర్రబారెను. ఆయన కెమెరా కన్నువద్ద పెట్టుకొని మైమరచి యుండెను. పడవ దిగిన చేపలను తట్టకెత్తుకొని, ఒక జాలరి స్త్రీ ప్రక్కన నిలిచి, “బాబూ! తట్టకు ఒక చెయ్యి వెయ్యి, ఎత్తుకుంటాను” అనెను. తక్కిన స్త్రీలు అప్పటికే వెడలిపోయిరి. నిండుతట్టను ఒంటరిగా తలకెత్తుకొనుట శక్యము గాదు.

“ఒక్క నిమిషమాగమ్మా!” అనెను ఆయన.

ఆ నిమిషము పది నిమిషములాయెను. ఆమె మరల అడుగలేదు. తట్టచెంత నిలిచియే యుండెను. వర్ణములు మాసిన పిదప ఆయన తిరిగి చూచి, తట్టను ఎత్తి, బస్సునకు పరుగెత్తెను.

ఆ చిత్రము అన్నిటిలోను మేటి. పటము కట్టించి గోడకు తగిలించిరి. చిత్రపు అంచున తట్టయు, దానిచెంత ఒక నల్లని స్త్రీరూపమును కలవు. “ఆ నీడబొమ్మ ఎంత అందముగా కుదిరినది!” అని వచ్చినవారెల్ల మెచ్చుకొనిరి. ఆమె అందమునకై అచ్చట నిలువలేదని ఆయన యొక్కడే ఎరుగును. పొగడ్త విన్నపుడెల్ల ఆయన తలవంచుకొనుచుండెను.

తుదకు ఒక ప్రతిని తీసికొని తీరమునకు పోయి ఆమెను వెదకి పట్టుకొనెను. “ఆనాడు నిన్ను నిలువబెట్టితిని. తప్పు నాదే” అని పటమును చేతికిచ్చెను.

ఆమె కోపగింపలేదు, దాచనూ లేదు. “ఆ పూట నేను పోయే వీధికి వేరేవాళ్లు ముందే వెళ్లిపోయారు బాబూ! సగం చేప మిగిలిపోయింది” అని చెప్పెను. పిమ్మట చిత్రమును అటునిటు త్రిప్పి చూచి, “రంగులు బాగున్నాయి. మరి నా మొగమేదీ?” అనెను.

ఆయనకు మాట రాలేదు.

మరునాడును తూర్పు ఎర్రబారెను. ఆయన కెమెరాను సంచిలోనే యుంచి, పడవచెంత నిలిచి, ఒకరి తరువాత ఒకరికి తట్టలెత్తెను. చొక్కా చేపనీటితో తడిసెను. ఆకాశపు రంగులు ఒక్కటియు ఆయనకు దక్కలేదు. తట్టలన్నియు లేచిన పిదప సూర్యుడు పైకి వచ్చెను. అప్పుడాయన సముద్రమునకు వీపు త్రిప్పి నిలిచి, తట్టతో సాగిపోవుచున్న ఆ స్త్రీని పిలిచెను. ఆమె వెనుదిరిగి చూచెను. లేతయెండ ముఖమున నిండుగా పడినది. ఆమె ఆగనక్కరలేని ఆ ఒక్క క్షణములో ఆయన చిత్రము తీసెను.

నేడు ఆ గోడపై రెండు పటములు కలవు. రెండవదానిలో ఆకాశము లేదు, సముద్రము లేదు. ఎండలో కన్నులు చిట్లించి నవ్వుచున్న ఒక ముఖము కలదు. అతిథులు మొదటిదానినే పొగడుదురు. ఆయన తెల్లవారుజామున ఇల్లు వెడలుచు ఒక్క నిమిషము నిలిచి చూచునది రెండవదానిని.