వ్రేలికొన రక్తబిందువు

మన దేహములో అహోరాత్రములు ప్రవహించు రక్తము మనకు అత్యంత సన్నిహితమైనదే యైనను, గాయము తగిలినప్పుడో, ఆసుపత్రిలో పరీక్షకై చేయి చాచినప్పుడో తప్ప మనము దానిని చూడము. చూచినను అదేదో కీడునకు సూచనగా తోచి చూపు మరల్చుకొందుము. అట్టి రక్తమును ప్రతిదినము ఉదయమున స్థిరచిత్తముతో, స్వహస్తముతో ఒక్క బొట్టు బయటికి రప్పించి, అందులో చక్కెర ఎంత యున్నదో చదువుకొనుట నాకు మధ్యవయస్సు దాటిన పిమ్మట అలవడిన విద్య. తెనాలిలో పుట్టి పెరిగి, బ్రతుకుతెరువునకై కెనడా దేశమునకు వచ్చి, టొరంటో నగరమున స్థిరపడిన నాకు ఆ విద్య ఈ నగరముననే లభించినది. దానిని గూర్చి నేను గాఢముగా విశ్వసించున దొక్కటి కలదు: మధుమేహము గలవానికి తన రక్తమును తాను చదువుకొనగలుగుట ఎందరో శ్రమించి సంపాదించి పెట్టిన హక్కు, దానిని భయముచేతగాని, సిగ్గుచేతగాని వదలుకొనరాదు.

ఈ దేశమున ఫార్మసిస్టులలో కొందరు మధుమేహశిక్షణలో ప్రత్యేకముగా చదివి, పరీక్ష నిచ్చి, అర్హత పొందినవారై యుందురు. నా వైద్యుడు మందుచీటీ వ్రాసి యిచ్చి, నన్ను అట్టి ఒకామె కడకు పంపెను. ఆమె పంజాబు దేశపు కుటుంబములోని యువతి. గ్లూకోమీటరును నా చేతి కిచ్చుటకు ముందు ఆమె నా చేతులు కడుగుకొని రమ్మనెను. పండు ఒలిచిన వ్రేలికి అంటియున్న తీపి రక్తబిందువుతో కలిసి దేహములో లేని చక్కెరను చూపుననియు, తడి ఆరని వ్రేలియందు బొట్టు పలుచనై ఉన్నదానికంటె తక్కువ చూపుననియు, కనుక గోరువెచ్చని నీటితో, సబ్బుతో కడిగి పొడిగా తుడుచుకొనుటయే పరీక్షలో సగపాలనియు ఆమె బోధించెను. పిమ్మట వ్రేలికొనయందు మెత్తని నడిభాగమును విడిచి, గోటికి ప్రక్కగా గ్రుచ్చుట చూపెను. స్పర్శజ్ఞానము నిచ్చు నాడుల కొనలు నడుమ దట్టముగా నుండుటచే నొప్పి అక్కడ హెచ్చు, ప్రక్కల తక్కువ. నిత్యము వస్తువులను పట్టుకొను బొటనవ్రేలిని, చూపుడువ్రేలిని విడిచి, తక్కిన మూడు వ్రేళ్లను మార్చి మార్చి వాడుకొమ్మనియు, సూది లోతును మొదట తక్కువకు త్రిప్పి, బొట్టు రానిచో మాత్రమే హెచ్చించుమనియు చెప్పెను.

టొరంటోలో జనవరి మాసపు చలి వ్రేలికొనలలోని రక్తమును లోపలికి తరుముటచే, బయటినుండి వచ్చిన వెంటనే సూది గ్రుచ్చినను బొట్టు రాదు. అట్టి సమయమున వ్రేలిని గట్టిగా పిండుట తగదు. కణముల నడుమనున్న ద్రవము రక్తముతో కలిసి అంకె చెడును. చేతిని కొంతసేపు క్రిందికి వ్రేలాడదీసి, అరచేతినుండి కొనవైపునకు మెల్లగా నిమిరిన చాలును. రక్తపు బొట్టు నందుకొను స్ట్రిప్పులలో ఒకటి తీసిన తక్షణమే వాని డబ్బా మూతను బిగించవలయును, ఏలయన గాలిలోని తేమ వానికి శత్రువు. వాడిన సూదిని చెత్తబుట్టలో పారవేయక, అందులకై యిచ్చిన గట్టి డబ్బాలో వేయవలయును; నిండిన డబ్బాను ఇక్కడి ఔషధశాలలవారు తిరిగి తీసికొందురు. ఇంతే విద్య. మొదటి సూదికి ముందు నా మనస్సున నున్న భయము ఆ సూది నొప్పికంటె ఎన్నియో రెట్లు పెద్దదని, గ్రుచ్చిన క్షణముననే నాకు తెలిసినది.

నాకు ఈ పరీక్ష ఇంత సులభమగుటకు ముందు ఎంత కాలము గడచినదో తలచినప్పుడు, తెనాలిలో మా పెదనాన్నగారి గది కన్నుల గట్టును. ఆయన అలమరలో ఒక స్పిరిటు దీపము, కొన్ని పరీక్షనాళికలు, నీలిరంగు ద్రావకముతో ఒక సీసా యుండెడివి. ఆ ద్రావకమును స్టాన్లీ బెనెడిక్ట్ అను అమెరికా రసాయనశాస్త్రజ్ఞుడు 1908లో ప్రకటించెను. అయిదు మిల్లీలీటర్ల ద్రావకములో ఎనిమిది చుక్కల మూత్రము వేసి కాచిన, చక్కెర లేనిచో నీలిరంగు అట్లే నిలుచును. ఉన్నకొలది ఆకుపచ్చ, పసుపు, నారింజ వర్ణములకు మారి, మిక్కిలి యున్నచో ఇటుకరంగు మడ్డి అడుగున దిగును. ఇటుకరంగు వచ్చిన నాడు మా పెద్దమ్మ మాటాడక ఆయన కంచములో అన్నము తగ్గించెడిది. అయితే ఆ పరీక్ష ఎంత శ్రద్ధతో చేసినను, రక్తములో చక్కెర డెసిలీటరుకు రమారమి 180 మిల్లీగ్రాములు దాటినగాని మూత్రపిండములు దానిని బయటికి విడువవు. విడిచినను ఆ మూత్రము కొన్ని గంటలక్రిందటి కథను చెప్పునే గాని, ఈ క్షణపు స్థితిని చెప్పజాలదు. ఏరు గట్టు దాటి పొలములో నిలిచిన నీటిని చూచి, ఇప్పుడు ఏటిలో నీరెంత యున్నదో ఊహించుట వంటిది ఆ పరీక్ష. రక్తములో చక్కెర ప్రమాదకరముగా తగ్గిపోయినప్పుడు అది ఏమియు చెప్పకుండెడిది.

మూత్రముయొక్క మాధుర్యమును, దానికి చీమలు పట్టుటను సుశ్రుతచరకాదులు ఎరిగియే యుండిరి. ఆ తీపి నిజముగా చక్కెరయే యనియు, అది రక్తములో సైతము కలదనియు 1776లో మాథ్యూ డాబ్సన్ అను ఆంగ్లవైద్యుడు నిరూపించెను. రక్తమును కాగితపు పట్టీపై వేసి చూచు సాధనము మాత్రము 1965లోగాని రాలేదు. ఏమ్స్ సంస్థవారి ఆ డెక్స్‌ట్రోస్టిక్స్‌పై పెద్ద బొట్టును వేసి, ఒక నిమిషము ఆగి, నీటితో కడిగి, తేలిన రంగును పట్టికలోని రంగులతో సరిపోల్చవలయును. ఆ రంగును యంత్రముచే చదివించు మీటరు 1970 ప్రాంతమున వెలువడినది. కాని అది కిలోగ్రాముకు మించిన బరువుతో, వైద్యులకును ఆసుపత్రులకును మాత్రమే విక్రయింపబడెడిది.

ఇచ్చట రిచర్డ్ బెర్న్‌స్టీన్ అను పేరు తలపవలయును. పన్నెండవ ఏటినుండి మధుమేహముతో బాధపడుచున్న ఆ అమెరికా ఇంజనీరు, రోగియగుటచే తనకు అమ్మని ఆ యంత్రమును వైద్యురాలైన భార్య పేరిట తెప్పించుకొని, దినమునకు పలుమారులు తన రక్తమును తానే పరీక్షించుకొని, ఆహారమును ఇన్సులినును ఆ అంకెలనుబట్టి సరిదిద్దుకొనెను. ఆయన మాటను వైద్యలోకము చెవిని బెట్టకుండుటచే, నలువదియైదేండ్ల ప్రాయమున వైద్యకళాశాలలో చేరి తానే వైద్యుడయ్యెను. 1978 నాటికి ఇంగ్లండులో గూడ కొందరు వైద్యులు రోగులచే ఇంటిలోనే రక్తపరీక్షలు చేయించి, అది సాధ్యమనియు, మేలనియు లోకమునకు చాటిరి. 1987లో కలమంత పరిమాణమున విద్యుత్ప్రవాహముతో పనిచేయు మీటరు వచ్చినది. నేడు మనము వాడు స్ట్రిప్పులలో చాలవరకు ఆ మార్గముననే, ఒక ఎంజైము రక్తములోని గ్లూకోజుతో చర్య జరుపగా విడివడిన ఎలక్ట్రానుల ప్రవాహమును కొలిచి, కొలది సెకనులలో అంకెను చూపును. ఒక రోగి తన రక్తమును గూర్చిన జ్ఞానమునకై అంత పోరాడవలసి వచ్చినదని తెలిసిన తరువాత, బల్లపై ఊరక పడియున్న గ్లూకోమీటరును చూచినప్పుడెల్ల నాకు మనస్సు నొచ్చును.

ఆ అంకెలు నాకు నేర్పినదేమి? భోజనమునకు ముందొకసారి, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు మరియొకసారి చూచి, ఆ రెంటిని తిన్న పదార్థముల పేర్లతో సహా ఒక పుస్తకములో వ్రాసుకొనుట నేను అలవరచుకొంటిని. ఇక్కడి వైద్యులు సాధారణముగా, లీటరుకు మిల్లీమోలుల కొలతలో, భోజనమునకు ముందు 4 నుండి 7 వరకు, రెండు గంటల తరువాత 5 నుండి 10 వరకు ఉండదగునని చెప్పుదురు. తెల్లని సన్నబియ్యపు అన్నమును కంచము నిండుగ పెట్టుకొన్ననాడు 12 దాటిన అంకె, అన్నమును సగము చేసి, పప్పును బీరకాయ కూరను పెంచి, తిన్న పిమ్మట అరగంట నడచిననాడు 9కి లోబడి నిలిచినది. ఇడ్లీకంటె పెసరట్టు నాకు మేలనియు తెలిసినది. ఇది నా దేహపు లెక్క. వేరొకరి లెక్క వేరుగా నుండవచ్చును, అందుకే ఎవరి పుస్తకము వారే వ్రాసుకొనవలయును. రాత్రి మితముగా తిని పడుకొన్నను, తెల్లవారుజామున కొన్ని హార్మోనుల ప్రేరణచే కాలేయము చక్కెరను రక్తములోనికి విడుచుననియు, పరగడుపు అంకె పెరుగుట సర్వదా నాలుక చేసిన నేరము కాదనియు తెలిసికొన్న పిమ్మట నాకు గొప్ప ఊరట కలిగినది.

మా అక్కయ్య తెనాలిలోనే యున్నది. ఆమెకు సైతము ఈ వ్యాధి కలదు; ఫోనులోనే చెప్పి చెప్పి ఆమెకు ఈ పరీక్ష నేర్పితిని. ఒక ఉదయమున ఆమె ఆందోళనతో, "తమ్ముడూ, పరగడుపున 142 వచ్చిందిరా. నీకు ఏడేనంటివి గదా!" అనెను. "అక్కయ్యా, ఇక్కడ కొలత వేరు. నా 7ని 18తో హెచ్చవేస్తే 126. మనిద్దరమూ ఇంచుమించు ఒక్కచోటే ఉన్నాం, కంగారుపడకు" అంటిని. మీటరు అంకెను అక్షరసత్యముగా తీసికొనరాదని గూడ ఆమెకు చెప్పితిని. 100 మిల్లీగ్రాములకు పైన, నూటికి 95 పరీక్షలలో ప్రయోగశాల విలువకు అటునిటు నూటికి 15 వంతుల లోపల నున్నచో, అంతర్జాతీయ ప్రమాణము ఆ మీటరును అంగీకరించును. కావున ఒక్క అంకెకు క్రుంగరాదు, ఒక్క అంకెకు పొంగరాదు. కొన్నివారముల అంకెలను వరుసగా చూచి, మూడునెలల షుగరు పరీక్షతో కలిపి వైద్యునితో మాటాడవలయును. మెట్‌ఫార్మిన్ వంటి మాత్రలతో చక్కెర నిలకడగా నున్నవారికి నిత్యము గ్రుచ్చుకొను పని యుండకపోవచ్చును. ఇన్సులిను గాని, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు గాని వాడువారికి ఈ పరీక్ష ప్రాణరక్షకము. ముఖ్యముగా ఏకాదశికో శివరాత్రికో ఉపవాసముండు మన పెద్దలు ఈ మాట గుర్తుంచుకొనవలయును. చెమట పట్టి, చేతులు వణకి, మనస్సు మసకబారినప్పుడు పరీక్షించి, మా కొలతలో 4 కంటె, ఆంధ్రదేశపు కొలతలో 70 కంటె తక్కువ యున్నచో, పదునైదు గ్రాముల గ్లూకోజు తీసికొని, పదునైదు నిమిషముల తరువాత మరల చూడవలయును. వ్రతభంగ మగునని జంకి ఆలస్యము చేయుట ప్రాణాపాయము.

మన తెలుగువారు కూడిన చోట్ల నేను చూచి కలతచెందిన విషయ మొకటి కలదు. ఉగాది విందులోనో, కార్తిక వనభోజనములోనో ఒకరి సంచిలోనుండి మీటరు బయటికి రాగానే, "బాబాయిగారూ, ఆ మిషను ఇలా ఇవ్వండి, నేనూ ఒకసారి చూసుకుంటా" అని నలుగురు చేతులు చాతురు. ఆ చనువు నాకును ప్రీతికరమే. కాని ఒకరి సూది మరియొకరికి తగులరాదు. సూదిని మార్చినను చాలదు, సూదిని అమర్చు పెన్ను కొసయందే కంటికి కానరాని రక్తలేశము అంటియుండవచ్చును; హెపటైటిస్-బి వైరసు దేహమునకు వెలుపల కనీసము ఏడు దినములు బ్రతికి యుండగలదు. అన్నదమ్ములైనను, ఆలుమగలైనను ఈ సాధనమును పంచుకొనరాదని నేను ప్రతి విందులోను చెప్పుచునే యున్నాను. వ్యాధి కలదో లేదో తెలిసికొనగోరువారు ప్రయోగశాలకే పోవలయును. వ్రేలి పరీక్ష ఆ నిర్ణయమునకు చాలదు.

నాకు ఈ విద్య అబ్బిన ఈ టొరంటో నగరపు విశ్వవిద్యాలయముననే 1921లో బాంటింగ్, బెస్ట్ అను వారు మెక్లాయిడ్ ప్రయోగశాలలో ఇన్సులినును సాధించిరి. కాలిప్ దానిని శుద్ధి చేసెను. 1922 జనవరిలో ఇక్కడి జనరల్ ఆసుపత్రిలో లియోనార్డ్ థాంప్సన్ అను పదునాలుగేండ్ల బాలుని అది మృత్యుముఖమునుండి మరల్చెను. బాంటింగ్, బెస్ట్, కాలిప్ దానిపై తమ హక్కులను ఒక్కొక్క డాలరునకే విశ్వవిద్యాలయమునకు ధారపోసిరి. ఆనాడు ఆ బాలుని రక్తములోని చక్కెరను తెలిసికొనుటకు శిక్షితులైన రసాయనజ్ఞులు, ప్రయోగశాల కావలసి యుండెను. నేడు భుజమునకు అతికించుకొన్న సెన్సరు రేయింబవళ్లు చర్మము క్రింది ద్రవములోని చక్కెరను చూపుచున్నది. అదియు రక్తముకంటె కొన్ని నిమిషములు వెనుకబడుటచే, అనుమానము కలిగినప్పుడు వ్రేలికొననే ఆశ్రయింపవలసి వచ్చుచున్నది.

మందును వైద్యుడు నిర్ణయించును. కాని మన కంచమును, మన నడకను, మన నిద్రను దినదినము ఎరిగినవారము మనమే. కొత్తగా ఈ వ్యాధి బయటపడిన నా తెలుగు సోదరులను, సోదరీమణులను నేను వేడుకొనుచున్నాను: ఎంత తరచుగా చూచుకొనవలయునో మీ వైద్యు నడుగుడు, చేతులు కడుగుకొని, మీ సూదితో మీరు, నిర్భయముగా చూచుకొనుడు, అంకెతోపాటు ఏమి తింటిరో వ్రాసుకొని, ఆ పుస్తకమును వైద్యుని ముందు పెట్టుడు, మీకు బాగుగా అలవడిన పిమ్మట, ఈ వ్యాధిని దాచుకొని భయపడుచున్న వారొకరు మీ ఇంటనో, పొరుగుననో తప్పక యుందురు, వారి ప్రక్కన కూర్చుండి ఓర్పుతో ఈ విద్య నేర్పుడు.