ఇంజను క్రింది రబ్బరు

మిక్సీ క్రిందనుండు రబ్బరు కాళ్లలో ఒకటి ఊడిపోయిన దినమున అది వంటయింటి అరుగుమీద ఎట్లు గంతులువేయునో సోదరీమణులందరు ఎరిగినదే. లారీ ఇంజనునకును అట్టి కాళ్లే కలవు. కార్ఖానాలవారు వానిని మౌంటింగులందురు. మా నరసరావుపేట మేస్త్రీలు ఫౌండేషన్లందురు. ఆడువారికి ఈ ప్రసంగమేల యని కొందరనవచ్చును. లారీ నడుపువాడు మన బిడ్డయైనపుడు అది మన పని కాకపోదు.

మా మామగారు 1948 నాటి షెవ్రొలెట్ లారీ నొకదానిని కొని, మాచర్ల నాపరాళ్లను, పిడుగురాళ్ల సున్నమును తోలించి యింటివారినందరిని పోషించిరి. 1955లో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగిన పిమ్మట ఆ దారిని అది పోని వారము లేదని అత్తగారు చెప్పుచుందురు. పెట్రోలు ఇంజను దిమ్మ పగిలినది మొదలు బండి కొట్టములోనే పడియున్నది. పాత యినుము క్రింద అమ్మివేయుదమని మరదిగారు, బాగుచేయింతమని మా చిన్నవాడు చాలకాలము వాదించుకొనిరి. తుదకు అత్తగారు, “అది కోటప్పకొండ ఘాటురోడ్డెక్కుట నేను కండ్లార చూడవలె” ననిరి. ఆమెకు ఎనుబదినాలుగేండ్లు. ఇంక ఎవరును నోరెత్తలేదు.

విజయవాడ ఆటోనగరులో, మద్రాసు సింప్సన్ వారు చేసిన పెర్కిన్స్ ఆరు సిలిండర్ల పాత డీజిలు ఇంజను దొరికెను. ఇందు వింత లేదు. పెట్రోలు ఖర్చునకు తాళలేక వెనుకటి లారీ యజమానులనేకులు ఇట్లే మార్చుకొనిరి. చిక్కేమనగా, పాత ఇంజను కాళ్లు చాసిసుమీద ఆనిన చోట్లు వేరు, దీనివి వేరు. క్రొత్తగా ఇనుప బ్రాకెట్లు అతికింపవలె. వానికిని ఇంజనునకును నడుమ ఏమి పెట్టవలెనన్నదే ప్రశ్న.

మేస్త్రి, “అమ్మగారూ, పాత టైరు ముక్కలు నాలుగు కోసి, నడుమ బోల్టు దిగగొట్టెదనండి. మా నాయననాటినుండి ఇదే పద్ధతి” అనెను.

“ముక్క చిరిగినచో ఇంజనును పట్టుకొనునదేమి, నాయనా?”

“బోల్టున్నది గదండీ!”

అచటనే మాకు మనసొప్పలేదు. టైరు ముక్కలో పేటలుండుటచే అది మెత్తగా అణగదు. మీదు మిక్కిలి, బోల్టు అటు ఇంజనును, ఇటు బ్రాకెట్టును ఇనుముతో ఇనుమును కలిపి బిగించినచో, అదురు రబ్బరును తప్పించుకొని బోల్టుగుండానే చాసిసునకు దిగును. అపుడు రబ్బరున్నను లేకున్నను ఒక్కటే.

పెట్రోలు ఇంజను గాలిని ఆరున్నర రెట్లు అణచిన, డీజిలు ఇంజను పదునారు రెట్లు అణచును; దాని ప్రతి దెబ్బయు బలమైనది. ఆరు సిలిండర్లలో చక్రము ఒకసారి తిరుగునంతలో మూడు దెబ్బలు. నిలకడగా నిముసమునకు 600 చుట్లు తిరుగునపుడు సెకనుకు 30. ఇంజను తన రబ్బరుమీద తాను ఊగు వేగము దీనికి చాల తక్కువగా నుండవలె. రెండును దగ్గరపడెనా, ఊయలను సరియైన అదనున త్రోసినట్లు అదురు పెరుగును. ఇంజను బరువునకు 3 మిల్లీమీటర్లు దిగు రబ్బరు లెక్కకు సెకనుకు 9 మారులూగును. కదలికలో రబ్బరు కొంత గట్టిపడుటచే పదికి మీదననుకొందము. ముప్పదికి అది చాల దూరమే. ఇంతకంటె మిక్కిలి మెత్తనిదైనచో క్లచ్చి వదలగానే ఇంజను ఎగిరి, పంకా రేడియేటరును కోయును. గట్టిదైనచో చాసిసు అతుకులు పగులును, తోలువాని నడుము విరుగును.

1931లో అమెరికాలో క్రైస్లరువారు ప్లిమత్ కారునకు ఒక ఉపాయము చేసిరి. ముందటి కాలును ఎత్తున, వెనుకటిదానిని పల్లమున పెట్టి, ఆ రెంటిని కలుపు గీత ఇంజను బరువు కేంద్రముగుండా పోవునట్లు అమర్చిరి. నాలుగు సిలిండర్ల బండియైనను అదురు తగ్గెను. మా వాడు ఇది విని, ఇంజనును గొలుసుతో రెండు చోట్ల మార్చి మార్చి వ్రేలాడదీసి, మట్టపుగుండు దారము వెంట సుద్దతో గీతలు గీసెను. గీతలు కలిసిన చోటుననుసరించి ఏ కాలిమీద ఎంత బరువు పడునో తేలెను. మేస్త్రి మొదట నవ్వెను గాని, తరువాత సుద్దముక్క తానే అందుకొనెను.

మేము పట్టుపట్టినది మరియొకటి. ఇంజను బలముగా లాగునపుడు దాని యెడమప్రక్క, అనగా మన లారీలలో క్లీనరు కూర్చుండు ప్రక్క, పైకి లేవజూచును. ఆ ప్రక్క రబ్బరు తెగుటచే ఇంజను లేచి, పెట్రోలు మీటను లాగి, బండి ఆగక పరుగెత్తు ప్రమాదమున్నదని 1971 డిసెంబరులో జనరల్ మోటార్సువారు 67 లక్షల షెవ్రొలెట్ బండ్లను వెనుకకు పిలిపింపవలసి వచ్చెను. ఇంజనును కట్టియుంచుటకు వానికి ఇనుప త్రాడు వేసిరి. కావున రబ్బరు పూర్తిగా చిరిగినను రెండు ఇనుప రేకులు ఒకదానిలో నొకటి చిక్కుకొని విడిపోని జాతి ఫౌండేషన్లనే కొనవలెనంటిమి. వెల ఎక్కువని మరదిగారు గొణిగిరి. ఘాటురోడ్డు మలుపున తోలువాడు ఆయన కొమరుడు కాడు గదా!

రబ్బరునకు నూనెయు వేడిమియు శత్రువులు. రెంటచింతల యెండలు పేరుపడ్డ సీమ మాది. అందుచేత పొగగొట్టము చెంతనున్న కాలికి రేకుతో మరుగు కట్టించితిమి. నూనె కారుచోట్ల వాషర్లన్నియు మార్పించితిమి.

ఇంజను మార్చుటకు 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ననుసరించి రిజిస్ట్రేషను అధికారి అనుమతియు కావలె. ఆ కాగితములకై మా వాడు ఆఫీసునకు తిరిగిన తిరుగుడు లారీ తిరుగుడునకు తీసిపోదు.

గత మాసమున ఇంజను తిరిగెను. అత్తగారు కొట్టము గుమ్మమున కుర్చీ వేయించుకొని వినిరి. “మామగారి బండి చప్పుడు ఇది కాదు” అని, కొంత తడవున్న పిమ్మట, “కానిమ్ము, గట్టిగానే యున్నది” అనిరి. క్రొత్త రబ్బరు బరువునకు సర్దుకొనును గనుక ఐదు వందల కిలోమీటర్లు తిరిగినపిదప బోల్టులు మరల బిగింపవలె. అది సత్తెనపల్లి దారిలో ఖాళీగా తిరుగుచున్నది. కొండ యెక్కుట శివరాత్రి రద్దీ తగ్గిన తరువాతనే.